ప్రీమియర్ టికెట్ కొనాలా, పది రోజులు ఆగాలా?

2024 డిసెంబర్ 4, విడుదలకు ముందు రోజు రాత్రి 9.30 ఆట. హైదరాబాద్‌లో ‘పుష్ప 2’ టికెట్ మల్టీప్లెక్సులో 1239 రూపాయలు, ఏసీ సింగిల్ స్క్రీన్‌లో 1121. తెల్లారితే అదే కుర్చీ 531, 354. మల్టీప్లెక్సు ప్రేక్షకుడు ఒక్క రాత్రి ఓపిక పట్టి ఉంటే 708 రూపాయలు మిగిలేవి. సినిమా ఎలా ఉందో చెప్పేవాళ్ళకు మనకు కొదవ లేదు గానీ, ఆ 708 రూపాయలకు అదనంగా ఏం వచ్చిందో చెప్పినవాళ్ళు తక్కువ. అందుకే సినిమాలను పక్కనపెట్టి ప్రీమియర్ టికెట్ అనే సరుకును, దాన్ని అమ్మడానికి మన నిర్మాణ సంస్థలు చేసే హడావుడిని ఇక్కడ తూకం వేద్దాం.

ముందు ధర. తెలంగాణలో 2021 డిసెంబర్ నాటి జీవో 120 ప్రకారం మల్టీప్లెక్సులో మామూలు సీటు గరిష్ఠ ధర 250, ఏసీ సింగిల్ స్క్రీన్‌లో 150, జీఎస్టీ వేరు. 18 శాతం కలిపితే అందరికీ తెలిసిన 295, 177 వస్తాయి. ‘పుష్ప 2’ ప్రీమియర్‌కు 800 పెంచుకోమని ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. పెంపు మీద కూడా పన్ను పడుతుంది కాబట్టి అది 944 అయింది. కూడుకుంటే 1239, 1121. ఆంధ్రప్రదేశ్‌లో 2022 మార్చి నాటి జీవో 13 మల్టీప్లెక్సు సీటును 150 దగ్గర, రిక్లైనర్‌ను (వెనక్కి వాలే సీటును) 250 దగ్గర కట్టేసింది, పన్ను వేరు. అక్కడ ‘పుష్ప 2’ ప్రీమియర్ పన్నుతో 944. ఆ తర్వాత డిసెంబర్ 17 దాకా మల్టీప్లెక్సులో 413, సింగిల్ స్క్రీన్ పై తరగతిలో 324.50.

పెంపు ఉత్తర్వు చదివేటప్పుడు ఒక్క మాట దగ్గర ఆగాలి: ‘జీఎస్టీతో కలిపి’ అన్నారా, ‘జీఎస్టీ అదనం’ అన్నారా అని. 2025 సెప్టెంబర్‌లో ‘ఓజీ’ ప్రీమియర్‌కు ఆంధ్రప్రదేశ్‌లో 1000, తెలంగాణలో 800 అని వచ్చింది, రెండూ పన్నుతో కలిపే. పన్నుతో కలిపి 800 అంటే అసలు ధర 678, పన్ను 122. ‘పుష్ప 2’ నాటి 800 అంటే పన్నుకు ముందు, అదీ మామూలు ధర మీద అదనంగా. వార్తల్లో రెండూ ‘ఎనిమిది వందలే’. జేబులో తేడా సింగిల్ స్క్రీన్‌లో 321, మల్టీప్లెక్సులో 439. ఇవి కాక ఆన్‌లైన్ బుకింగ్ రుసుము, దాని మీద మళ్ళీ పన్ను; నలుగురు వెళ్తే నాలుగు టికెట్లకూ పడుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వంద రూపాయల లోపు టికెట్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. మండల కేంద్రంలో కింది తరగతిలో కూర్చునేవాళ్ళకు అది మేలే. ప్రీమియర్ కొనేవాళ్ళకు పైసా తేడా లేదు, వంద దాటితే 18 శాతమే.

బుకింగ్స్ చివరి నిమిషంలో ఎందుకు తెరుస్తారన్నది చాలామందికి విసుగు పుట్టించే ప్రశ్న. థియేటర్ వాళ్ళ బద్ధకం కాదది. ధర పెంచుకోవాలన్నా, రోజుకు ఐదో ఆట వేయాలన్నా నిర్మాత దరఖాస్తు పెట్టుకోవాలి, హోం శాఖ నుంచి మెమో, అంటే అనుమతి ఉత్తర్వు, రావాలి. అది తరచూ విడుదల దగ్గర పడితే గానీ రాదు. మామూలు ధరకు ముందే అమ్మేస్తే పెంపు చేజారిపోతుంది. అందుకని పది రోజుల ముందు అమ్ముకోగలిగిన టికెట్‌ను పట్టుకుని కూర్చుంటారు. మెమో వచ్చిందన్న కబురు తెలిసిన గంటలో యాప్ మీద అందరూ పడతారు, మంచి సీట్లు క్షణాల్లో అయిపోతాయి, తెర ముందు వరసలు మిగులుతాయి. ప్రీమియర్‌కు ఒకటే రేటు పెట్టిన చోట ఆ మెడనొప్పి వరసకూ అదే వెయ్యి. ఇందులో ఇంకో ప్రమాదం కోర్టు. ‘ఓజీ’ పెంపును తెలంగాణ హైకోర్టు ప్రీమియర్ నాడే నిలిపేసింది. అప్పటికే జనం టికెట్లు కొనేశారు.

ఇక సరుకు నాణ్యత. ప్రీమియర్ మీద నా అసలు ఫిర్యాదు ఇక్కడే. అత్యధిక ధర పెట్టిన రాత్రే సినిమా అత్యంత పచ్చిగా ఉంటుంది.

‘గేమ్ ఛేంజర్’ సంగతే చూడండి. ‘నానా హైరానా’ పాటను ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో తీశామని ప్రచారంలో గొప్పగా చెప్పుకున్నారు. పాటలకు 75 కోట్లు పెట్టామన్న మాట కూడా ఆ ప్రచారంలో భాగమే. 2025 జనవరి 10న సినిమా వచ్చింది. ఆ పాట మాత్రం రాలేదు. ఇన్‌ఫ్రారెడ్ దృశ్యాల్లో సాంకేతిక ఇబ్బంది అన్నారు, 14 నుంచి కలుపుతామన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో అర్ధరాత్రి ఒంటిగంట ఆటకు 600 ఇచ్చి చూసినవాళ్ళకు దేన్ని చూపించి టికెట్ అమ్మారో అదే లేదు. కొన్ని రోజులాగి తక్కువ ధరకు వెళ్ళినవాళ్ళకు పూర్తి సినిమా దొరికింది. కిరాణా కొట్లో ఇలా జరిగితే ఊరుకుంటామా?

‘పుష్ప 2’ విషయంలో తప్పు అనలేం గానీ ధోరణి అదే. 2025 జనవరి 17 నుంచి 20 నిమిషాలు అదనంగా కలిపి ‘రీలోడెడ్’ అని మళ్ళీ అమ్మారు. మొదటి రాత్రి 1239 పెట్టినవాళ్ళు మళ్ళీ టికెట్ కొంటే తప్ప ఆ ఇరవై నిమిషాలు థియేటర్‌లో దొరకలేదు. ‘ఓజీ’లోనూ ఒక పాటను వారం తిరగకముందే చేర్చారు. పాటను ముందే తీసి పెట్టుకుని రెండో వారంలో ‘ఇప్పుడు కలిపాం’ అనడం ఇప్పుడొక మార్కెటింగ్ పద్ధతి అయిపోయింది. మళ్ళీ చూసే అభిమానిని లాగడానికి పనికొస్తుంది, కాదనను. కానీ మొదటి రాత్రి వచ్చినవాడు కూడా ఆ అభిమానే కదా.

దీనికి పూర్తి విరుద్ధమైన ఉదాహరణ ‘కంగువా’. 2024 నవంబర్ 14న మొదటి ఆటల్లోనే చెవులు గింగురుమన్నాయని జనం గోల పెట్టారు. నిర్మాత రెండు పాయింట్లు శబ్దం తగ్గించమని థియేటర్లను కోరారు. రెండు పాయింట్లంటే ఏమిటో చెప్పాలి. థియేటర్ సౌండ్ ప్రాసెసర్ మీద ఒక మీట ఉంటుంది. 7 అన్న అంకె దగ్గర ఉంటే మిక్సింగ్ గదిలో ఇంజినీర్ విన్నంత శబ్దం హాల్లో వస్తుంది. ఆ చుట్టుపక్కల ఒక్కో పాయింటూ మూడు డెసిబెల్స్ పైన, అంటే రెండు పాయింట్లకు ఆరేడు డెసిబెల్స్. చిన్న తేడా కాదు. మన ఆపరేటర్లు చాలా చోట్ల మీటను 5 దగ్గరో ఇంకా కిందో ఉంచుతారు. అది తెలిసి మిక్సింగ్‌లోనే శబ్దం పెంచి పంపుతారు. అభిమానుల ఆట కదా అని ఆపరేటర్ ఆ రోజు మీటను కూడా పైకి తోస్తాడు. రెండూ కలిస్తే తలనొప్పి. ఇది కూడా మొదటి రోజు జబ్బే, రెండో రోజుకు సర్దుకుంటుంది.

ఇలా ఎందుకు జరుగుతుంది? ముందు విడుదల తేదీ ప్రకటిస్తారు, తర్వాత పని పూర్తి చేస్తారు. గ్రాఫిక్స్ షాట్లు ఆలస్యమైతే రంగుల దిద్దుబాటు ఆగుతుంది. ఆఖరి రీలు చేతికి రాకపోతే నేపథ్య సంగీతం ఆగుతుంది, అది ఆగితే మిక్సింగ్. సెన్సార్ సర్టిఫికెట్ ఒక నిడివికి ఇస్తారు. తర్వాత పాట కలిపినా తీసినా మళ్ళీ వాళ్ళ అనుమతి కావాలి, అందుకే ‘రేపటి నుంచి కలుపుతాం’ అన్నది నాలుగు రోజులవుతుంది. అంతా అయ్యాక డీసీపీ అనే డిజిటల్ ప్రింటు థియేటర్ సర్వర్లకు వెళ్తుంది. దానికి తాళం ఉంటుంది. తాళంచెవి పేరు కేడీఎం. అది ఒక థియేటర్‌లో ఒక సర్వర్‌కే, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకానే పనిచేస్తుంది. ప్రింటు వచ్చినా తాళంచెవి రాకపోతే తెర నల్లగానే ఉంటుంది. రాత్రి 9.30 ఆట పదిన్నరకు మొదలైందంటే చాలాసార్లు కారణం ఈ గొలుసులో ఎక్కడో ఒక కొండి. ‘పుష్ప 2’ 3డీ వెర్షన్ అసలు మొదటి రోజుకే సిద్ధం కాలేదు. కాబట్టి ప్రీమియర్‌కు 3డీ అన్న చోట నేనైతే 2డీ తీసుకోమంటాను.

అమెరికాలో ఉన్నవాళ్ళకు ఈ గొలుసు ఇంకా బిగుతు. చలికాలంలో తూర్పు తీరం మనకంటే పదిన్నర గంటలు వెనక. అక్కడ సాయంత్రం ఆరు గంటల ప్రీమియర్ అంటే ఇక్కడ తెల్లవారుజాము నాలుగున్నర. ఒకప్పుడు పొద్దున్నే కాఫీ తాగేసరికి ‘యూఎస్ టాక్’ వచ్చేది. ఇప్పుడు ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నరకే ఆట పడుతోంది కాబట్టి ఇంటర్వెల్ టాక్ ఇక్కడి నుంచే అక్కడికి వెళ్తోంది. అక్కడి ప్రేక్షకుడు ఆఫీసులో ఉండగానే ఫోన్‌లో తీర్పు చదివేస్తున్నాడు. ప్రీమియర్ పెట్టి నిర్మాతలు తమ విదేశీ బయ్యర్ (అక్కడ ప్రదర్శన హక్కులు కొన్నవాడు) మొదటి ఆటను తామే పణంగా పెడుతున్నారు. సినిమా బాగుంటే మంచిదే. లేకపోతే సాయంత్రం బుకింగ్స్ మధ్యాహ్నానికే చప్పబడతాయి.

ప్రీమియర్ అన్న మాటకు ఇంకో అర్థం కూడా ఉంది, అది నిజంగా మెచ్చుకోవాల్సింది. ‘కోర్ట్’ 2025 మార్చి 14 విడుదల. రెండు రోజుల ముందే, 12న, ప్రీమియర్లు వేశారు. నిర్మాత నాని వేదిక మీద, ‘కోర్ట్’ నచ్చకపోతే మే 1న రాబోయే తన ‘హిట్ 3’ చూడొద్దనేశారు. పేరున్న హీరో లేని సినిమాకు ఇంతకంటే చవకైన ప్రచారం ఉండదు, ఇంతకంటే ప్రమాదకరమైనదీ ఉండదు. సినిమా పూర్తయి, లోపలివాళ్ళు దాన్ని చల్లారాక మళ్ళీ చూసుకుని నమ్మితేనే ఆ పని చేయగలరు. 2025 సెప్టెంబర్ 5న వచ్చిన ‘లిటిల్ హార్ట్స్’ కూడా ముందు రోజు ఆటలతో, నోటి మాటతోనే లేచింది. పెద్ద సినిమా ప్రీమియర్ టాక్ రాకముందే డబ్బు వసూలు చేసుకోవడానికి, చిన్న సినిమా ప్రీమియర్ డబ్బు రాకముందే టాక్ సంపాదించుకోవడానికి. ఒకటే పేరు గానీ రెండూ వేరు సరుకులు. రెండో రకం కళ్ళు మూసుకుని కొనొచ్చు.

‘హనుమాన్’ ఈ రెండో రకానికి మంచి ఉదాహరణ. 2024 జనవరి 12న ‘గుంటూరు కారం’తో పాటు రావడంతో హైదరాబాద్‌లో సింగిల్ స్క్రీన్లు సరిగా దొరకలేదు. ముందు రోజు రాత్రి వేసిన ప్రీమియర్లే దానికి థియేటర్లు సంపాదించి పెట్టాయి. టికెట్‌కు ఐదు రూపాయల చొప్పున అయోధ్య రామాలయానికి ఇస్తామన్నారు. ఆ లెక్క చెబుతూ జనవరి 21 నాటికి 53,28,211 టికెట్లు అమ్ముడయ్యాయని, మొత్తం 2,66,41,055 రూపాయలని ప్రకటించారు. ఎంతమంది చూశారో ఒక్కో టికెట్‌తో సహా చెప్పిన తెలుగు నిర్మాతలు ఎందరు? విరాళం మాటున బయటపడినా అది మన ట్రేడ్‌లో అరుదైన నిజాయితీ. అంతకు ఏడు నెలల ముందు ‘ఆదిపురుష్’ వాళ్ళు ప్రతి థియేటర్‌లోనూ ఆంజనేయుడి కోసం ఒక సీటు ఖాళీగా ఉంచమన్నారు. జనం మాట్లాడుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు. కానీ 2022 అక్టోబర్‌లో అయోధ్యలో విడుదల చేసిన టీజర్ గ్రాఫిక్స్ చూసి పడిన నవ్వు ఆ సీటుతో పోలేదు. ఐదు నెలలు వాయిదా వేసి దిద్దినా, విడుదలయ్యాక సంభాషణలు మార్చాల్సి వచ్చింది, వారం తిరిగేసరికి 3డీ టికెట్‌ను హిందీ మార్కెట్‌లో 150కి దింపాల్సి వచ్చింది.

అందరూ పోస్టర్ల మీద చూసే అంకెల గురించి రెండు మాటలు. ‘గ్రాస్’ అంటే ప్రేక్షకుడు కట్టిన మొత్తం. 531 రూపాయల టికెట్‌లో 81 పన్ను. మిగిలిన 450లో థియేటర్ అద్దె గానీ వాటా గానీ పోగా బయ్యర్‌కు మిగిలేది ‘షేర్’. బయ్యర్ లాభపడ్డాడా అన్నది షేర్ తేలుస్తుంది, పోస్టర్ కాదు. ‘గేమ్ ఛేంజర్’ మొదటి రోజు 186 కోట్ల గ్రాస్ అని పోస్టర్ వేసింది. ట్రేడ్ లెక్కలు దానికి చాలా కింద ఉన్నాయి. ‘పుష్ప 2’ ప్రీమియర్లతో కలిపి 294 కోట్లు అంది. ప్రీమియర్ ధర పెరిగేకొద్దీ మొదటి రోజు రికార్డు పెరుగుతుంది, చూసిన జనం పెరగక్కర్లేదు. ప్రీమియర్ వెనక ఉన్న ఆశల్లో ఇదొకటి: ఆ రాత్రి డబ్బు మర్నాటి ఖాతాలో పడుతుంది, పోస్టర్ మీద అంకె బలుస్తుంది.

ఇక ప్రచారం. 2025 సంక్రాంతి దీనికి చేతికందిన పాఠం, ఎందుకంటే ఒకే సంస్థ నాలుగు రోజుల తేడాలో రెండు సినిమాలు అమ్మింది. దిల్ రాజు సంస్థ ‘గేమ్ ఛేంజర్’ ప్రచారాన్ని లక్నోలో టీజర్‌తో, డల్లాస్‌లో డిసెంబర్ 21న భారీ ఈవెంట్‌తో, విజయవాడలో 256 అడుగుల కటౌట్‌తో, రాజమండ్రిలో ఉప ముఖ్యమంత్రి హాజరైన సభతో నడిపింది. మొదటి పాట ‘జరగండి’ వచ్చింది 2024 మార్చిలో. సినిమా పది నెలలకు. పాట పాతబడి, తేదీలు మారి, జనం ఆసక్తి మళ్ళీ మళ్ళీ వేడెక్కించాల్సి వచ్చింది. ట్రైలర్ చూసినా ఇది ఎవరి కథో, ఎందుకు చూడాలో స్పష్టంగా తేలలేదు. ఖర్చంతా పరిమాణం మీదే పోయింది.

అదే సంస్థ ‘సంక్రాంతికి వస్తున్నాం’కి చేసింది చూడండి. పేరులోనే విడుదల తేదీ ఉంది, ఇంక పోస్టర్ మీద వేరే రాయక్కర్లేదు. డిసెంబర్ 3న ‘గోదారి గట్టు’ పాట వదిలారు, పండక్కి సరిగ్గా ఆరు వారాలు. పెళ్ళిళ్ళ పందిళ్ళలో మోగి, రీల్స్‌లో తిరిగి, పిల్లలకు నోటికి రావడానికి పాటకు పట్టే సమయం అంతే. రమణ గోగుల గొంతు చాలా ఏళ్ళకు వినపడటంతో ముప్ఫై, నలభై దాటినవాళ్ళు కూడా ఆగి విన్నారు. ట్రైలర్ వేడుక నిజామాబాద్‌లో. వెంకటేశ్, మీనాక్షి చౌదరి, ఐశ్వర్యా రాజేశ్, దర్శకుడు అనిల్ రావిపూడి చేసిన చిన్న చిన్న సరదా వీడియోలు సినిమాలో ఏముంటుందో అదే చూపించాయి: ఒక మొగుడు, ఒక పెళ్ళాం, ఒక పాత ప్రేయసి, పండగ నవ్వులు. చూపించిన సరుకే లోపల ఉంది. పోస్టర్లు 300 కోట్లు దాటాయన్నాయి. పోస్టర్ మాట నమ్మకపోయినా, మూడో వారంలో కూడా కుటుంబాలు వరసగా కూర్చోవడం ఏ థియేటర్‌కు వెళ్ళినా కనిపించింది.

‘పుష్ప 2’ ప్రచారంలో నేను మెచ్చేది పాట్నా. నవంబర్ 17న గాంధీ మైదానంలో ట్రైలర్ విడుదల అనగానే ఇక్కడ చాలామంది ముక్కున వేలేసుకున్నారు. మొదటి భాగాన్ని హిందీలో నిలబెట్టింది చిన్న ఊళ్ళ సింగిల్ స్క్రీన్లు. ముంబై మీడియా హాలులో ఫొటోలు దిగేకంటే ఆ జనం మధ్యకు వెళ్ళడమే తెలివి. ఆ తర్వాత చెన్నై, కొచ్చి, ముంబై, చివరికి డిసెంబర్ 2న యూసుఫ్‌గూడ. ఊరూరికీ వేరే భాష, వేరే మాట. ‘కల్కి 2898 ఏడీ’ ఎన్నికల వల్ల మే 9 వదులుకుని జూన్ 27కి జరిగినప్పుడు ఆ ఖాళీని ‘బుజ్జి’ కారు ఊరేగింపుతో, రెండు భాగాల యానిమేషన్‌తో నింపడం కూడా మంచి ఎత్తే: కొత్త లోకం కథకు ముందే జనానికి అక్షరాభ్యాసం చేయించారు.

వాయిదా వేసినప్పుడు ఖర్చు ఎలా రెండింతలవుతుందో ‘ఆర్ఆర్ఆర్’ చూపించింది. 2020 జులై 30, 2021 జనవరి 8, అక్టోబర్ 13, 2022 జనవరి 7 అంటూ జరుగుతూ వచ్చి మార్చి 25న విడుదలైంది. జనవరి 7 కోసం డిసెంబరంతా ఊరూరా తిరిగి, సరిగ్గా జనవరి 1న ఆపేశారు. కొవిడ్ ఎవరి చేతిలోనూ లేదు. మార్చిలో మళ్ళీ మొదటి నుంచి తిరిగారు. అంత పెద్ద దర్శకుడు కాబట్టి తట్టుకుంది; మామూలు సినిమా అయితే రెండో ప్రచారానికి డబ్బే మిగలదు.

ప్రీ-రిలీజ్ ఈవెంట్లకు నేను సున్నా మార్కులు వేస్తాను. 2024 సెప్టెంబర్ 22న ‘దేవర’ ఈవెంట్ హైదరాబాద్ నోవోటెల్‌లో పెట్టి, హాలు పట్టేదానికి మించి జనం రావడంతో రద్దు చేశారు. రద్దయినా సినిమాకు ఓపెనింగ్స్ ఆగలేదు. ఈవెంట్ లేకపోతే ఏమీ పోదని తెలిశాక కూడా మానలేదు.

ఇవన్నీ డబ్బు లెక్కలు. 2024 డిసెంబర్ 4 రాత్రి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని సంధ్య థియేటర్‌లో తొక్కిసలాటలో ఒక మహిళ చనిపోయింది, ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. తర్వాత తెలంగాణ ప్రభుత్వం ఇక బెనిఫిట్ షోలు, పెంపులు ఉండవని శాసనసభలోనే చెప్పింది. జనవరిలో ‘గేమ్ ఛేంజర్’కు తెల్లవారుజాము ఆట, పెంపు ఇచ్చి, హైకోర్టు మందలించాక వెనక్కి తీసుకుంది. సెప్టెంబర్‌కు ‘ఓజీ’ రాత్రి 9 గంటల ప్రీమియర్ మళ్ళీ వచ్చింది. మాట నిలిచింది పట్టుమని పది నెలలు కూడా కాదు. పిల్లల్ని, పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని మొదటి రాత్రి సింగిల్ స్క్రీన్‌కు వెళ్ళొద్దు. ఒకే గేటు, ఇరుకు మెట్లు, తారలు వస్తారన్న పుకారు: ఈ మూడూ ఉన్న చోట టికెట్ చేతిలో ఉన్నా రక్షణ ఉండదు.

మరి ఎప్పుడు చూడాలి? తేదీలు పక్కపక్కన పెట్టండి. ‘గేమ్ ఛేంజర్’కు ఆంధ్రప్రదేశ్‌లో పెంపు మొదట జనవరి 23 దాకా ఇచ్చారు, హైకోర్టు చెప్పాక పది రోజులకు కుదించారు. ఫిబ్రవరి 7న ప్రైమ్ వీడియోలో వచ్చేసింది. మామూలు ధరకు థియేటర్‌లో చూసే వీలు ఫిబ్రవరి 6 దాకా, సుమారు రెండున్నర వారాలు. ‘ఓజీ’ పెంపు అక్టోబర్ 4 దాకా, నెట్‌ఫ్లిక్స్ 23న. మధ్యలో 18 రోజులు. ఆ రోజుల్లో కూడా సినిమా చాలా స్క్రీన్లలో రెండు ఆటలకు దిగిపోయి ఉంటుంది. మామూలు ధరకు చూద్దామనుకునే కుటుంబానికి సంస్థలు వదిలిన కిటికీ ఇంతే. అది మూసుకున్నాక, జనం థియేటర్‌కు రావడం లేదని సక్సెస్ మీట్‌లో వాపోతారు.

సినిమా ఓటీటీకి నాలుగు వారాలకు వస్తుందా, ఎనిమిది వారాలకా అన్నది హిందీ మీద ఆధారపడుతుంది. ఉత్తరాది మల్టీప్లెక్సు గొలుసులు హిందీ సినిమాకు ఎనిమిది వారాల గడువు అడుగుతాయి. అందుకే ‘గేమ్ ఛేంజర్’ తెలుగు 28 రోజులకు, హిందీ 56 రోజులకు మార్చి 7న ఓటీటీకి వచ్చాయి. హిందీలో గట్టిగా ఆడుతున్న ‘పుష్ప 2’ అన్ని భాషలనూ 56 రోజులు ఆపింది: డిసెంబర్ 5, జనవరి 30. కాబట్టి హిందీ మార్కెట్ మీద ఆశ లేని తెలుగు సినిమా విడుదలైన నాలుగు వారాలకు ఇంట్లో ఉంటుందని లెక్క వేసుకోవచ్చు. ‘కోర్ట్’ కూడా ఏప్రిల్ 11న, సరిగ్గా 28 రోజులకే వచ్చింది. ‘సంక్రాంతికి వస్తున్నాం’ మాత్రం మార్చి 1న టీవీలోనూ జీ5లోనూ ఒకేసారి వేసి, టీవీ ముందు కుటుంబం అంతా కూర్చునే అలవాటును మళ్ళీ వాడుకుంది.

నా మార్కులు ఇవి. అభిమానికి ప్రీమియర్ ఐదుకు మూడు. ఆ అరుపులు, కాగితం ముక్కలు, ఇంట్రో సీన్‌కు లేచి నిలబడే హాలు రెండో రోజు దొరకవు, నిజమే. మూడున్నర గంటల సినిమాలో సగం సంభాషణలు వినపడవు, అదీ నిజమే. మామూలు ప్రేక్షకుడికి ఒకటి. చిన్న సినిమా మామూలు ధర ప్రీమియర్‌కు నాలుగున్నర.

పెద్ద సినిమాకు నేను చెప్పే రోజు పెంపు తీరాక వచ్చే మొదటి సోమ లేదా మంగళవారం సాయంత్రం ఆట. తీసిన పాటలు కలిపి ఉంటారు, శబ్దం మీట దారికి వచ్చి ఉంటుంది, పార్కింగ్ దొరుకుతుంది. హాలు పొడవులో మూడింట రెండొంతులు వెనక్కి, నడి వరస మధ్య సీట్లు తీసుకోండి. స్పీకర్లను సరిచూసేది అక్కడ మైకు పెట్టే. హైదరాబాద్‌లో అయితే ప్రసాద్స్ పెద్ద తెర, 64 అడుగుల ఎత్తు, నూరు అడుగుల పైన వెడల్పు. అక్కడ మాత్రం ఇంకో రెండు వరసలు వెనక్కి జరగండి.